గిరక కింద ఆకుపచ్చ రంగు

మా జిన్నింగు మిల్లులో ఈ వారం మిషన్లకు రంగులు వేస్తున్నారు. అవిసె నూనె, టర్పెంటైను కలిసిన ఆ ఘాటు పొద్దున గేటు దాటగానే ముక్కులో దూరుతుంది, సాయంత్రం అన్నం ముద్దతో పాటు గొంతు దిగుతుంది. మిగతా గుమాస్తాలకు తలనొప్పి వస్తోంది. నాకు అరచేతులు నొప్పి పెడుతున్నాయి. రంగు వాసనకు చేతులు నొప్పి పుట్టడమేమిటని డాక్టరును అడిగితే ఆయన నా నాలుక చూసి పంపించేశాడు. ఆయన తప్పేమీ లేదు, ఆ నొప్పి నాలుక మీద కనపడేది కాదు. అది నంద్యాల కాలువలో లంగరు గొలుసు లాగినప్పటి నొప్పి. ఆకుపచ్చ రంగు వాసన తగిలితే చాలు, పాత బంధువులా చెప్పకుండా వచ్చి కూర్చుంటుంది. దాని వెనకాలే జ్ఞానరత్నం మేస్త్రీ వస్తాడు. ఆయనను మీరు చూసి ఉండరు. చూసినా గుర్తు పెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, బొజ్జతో, ఎప్పుడూ ఎవరినో తిడుతూ, ఖాకీ నిక్కరు జేబులో ఒక లారీ బల్బు వేసుకుని తిరిగేవాడు.

యుద్ధం ముగిసింది కదా, తెల్లవాళ్ళు వదిలేసిన సామాను మద్రాసులో వేలం వేశారు. కాలువ పనులు చేయించే మా కాంట్రాక్టరు చలమయ్య అక్కడికి లారీ కోసమని వెళ్ళి పడవతో తిరిగి వచ్చాడు. ఇనుప పడవ. చిన్నదే, పదిమంది ఎక్కితే పదకొండోవాడికి భయం వేసేంత. అది ఏ సముద్రంలో ఏ యుద్ధం చేసిందో తెలియదు గానీ మా దగ్గరికి వచ్చాక కాలువలో నాచు తీసే పనిలో కుదిరింది. పడవను నీళ్ళ మధ్యలో లంగరు వేసి నిలపాలి, కూలీలు పొడుగాటి కొక్కేలతో అడుగున పెరిగిన నాచు, తుంగ, మునిగిన కొమ్మలు లాగాలి, ఆ చోటు శుభ్రం కాగానే లంగరు ఎత్తి నాలుగు బారలు ముందుకు జరగాలి. రోజంతా ఎత్తడం, దించడం. అందుకని పడవ ముందు భాగాన లంగరు ఎత్తే కరెంటు మిషను ఒకటి ఉండేది. యుద్ధం నుంచి వచ్చిన వాళ్ళు దాన్ని వించి అనేవారు. మా వాళ్ళకు అది గిరక. కాలితో మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, గొలుసు చుట్టుకుంటుంది, లంగరు బురద కార్చుకుంటూ పైకి వస్తుంది. ఒడ్డున పిల్లకాయలు చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను ఆ పడవకు సామాన్ల గుమాస్తాను. చదువు ఇక ఎక్కదని మా నాయన, బడివాళ్ళు కలిసి ఒక నిర్ణయానికి వచ్చిన తర్వాత దొరికిన ఉద్యోగం అది.

జ్ఞానరత్నం మేస్త్రీది ఆళ్ళగడ్డ. క్రైస్తవ మిషనరీల బడిలో కొంత చదివి, యుద్ధంలో రేవు పడవల మీద పని నేర్చుకుని వచ్చాడు. తనకు తెలిసింది తక్కువ కాదని నమ్మే మనిషి, ఆ నమ్మకం రోజూ మాకు చెప్పే మనిషి కూడా. కాలువ వంతెన పక్కన కాఫీ హోటలు ఉండేది. మేమంతా లోపల బెంచీల మీద కూర్చునేవాళ్ళం. మేస్త్రీ గ్లాసు బయట చూరుకు వేలాడేది. తన గ్లాసు తానే దించుకుని, తానే కడుక్కుని, నిలబడి తాగి, మళ్ళీ తగిలించేవాడు. దాని గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. పడవ మీద ప్రతిదాని గురించి అరగంట మాట్లాడే మనిషి దాని గురించి మాత్రం మాట్లాడకపోవడం నేను చాలా రోజులు గమనించలేదు. లోపల కూర్చున్నవాడికి బయట వేలాడేది కనపడదు కదా.

ఆయన దగ్గర నేను మొదటి పాఠం చేరిన కొత్తల్లోనే నేర్చుకున్నాను. ఒక పొద్దున పరిగెత్తుకుంటూ వచ్చి, "మేస్త్రీ, వంతెన కింద గట్టు తెగిపోయింది! ఊళ్ళోకి నీళ్ళు!" అని అరిచాను. అరుపు బాగా కుదిరింది కూడా. కూలీలు కొక్కేలు వదిలేశారు. మేస్త్రీ మాత్రం పానాతో బోల్టు తిప్పుతూనే అడిగాడు.

"సూసినావా?"

"అందరూ అంటాండారు మేస్త్రీ."

"అందరి నోర్లూ నువ్వు యాల మోస్తాండావు? నీ కండ్లు ఏమంటాండాయో అది చెప్పు. పో, సూసి రా."

వెళ్ళి చూశాను. ఎవరివో గేదెలు, మా వైపు ఎనుములంటాం, గట్టు దిగి నీళ్ళు తాగి, తిరిగి ఎక్కుతూ అంచు తొక్కేశాయి. ఊళ్ళోకి వచ్చిన నీళ్ళు ఎనుముల తోకల నుంచి కారినవే. తిరిగి వచ్చి ఆ మాటే చెప్పాను. కూలీలు నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. "ఇది బాగుంది. పొద్దున చెప్పినదానికంటే ఇదే బాగుంది," అన్నాడు. నన్ను ఇప్పుడు మిల్లులో అందరూ వెటకారపు మనిషి అంటారు. ఎవరు ఏది పెద్దగా చెప్పినా గాలి తీసేస్తానట. నా గొప్ప ఏమీ లేదు. చూసింది చూసినట్టు చెప్పమని ఒకాయన వెంటపడితే, మిగిలేది సాధారణంగా ఎనుమే.

గిరక మీట తొక్కే పని ఓబులేసుది. అహోబిలంవాడు. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు తరతరాలుగా స్వామి పల్లకీ మోసేవాళ్ళు. ఆ వంతు అన్నకు పోయింది. "మా యన్నకు సామిని మోసే వంతు వచ్చె, నాకు లంగరు మోసే వంతు వచ్చె," అనేవాడు, ఫిర్యాదు లాగా కాదు, తిథి చెప్పినట్టు. పెళ్ళాం, చంకన పిల్ల, నంద్యాలలో అద్దె కొట్టం. ఆ యేడు వానలు లేవు. ఊరికి తిరిగి పోతే చేనికి ఎవరూ పిలవరు, పల్లకీ ఎలాగూ పిలవదు. పడవే దిక్కు.

దసరాకు ఓబులేసు పడవకు ఆయుధపూజ చేశాడు. ఎవరూ వద్దనలేదు. కొక్కేలకు బొట్లు, ఇంజనుకు నిమ్మకాయ, లంగరుకు పూలదండ. గిరకకు మాత్రం తన పని అని మరీ శ్రద్ధగా చేశాడు. పైనంతా పసుపు పూసి, తృప్తి చాలక మీట మూత విప్పి లోపల రాగి బిళ్ళలకు కూడా పట్టించాడు. మర్నాడు మీట తొక్కితే గిరక ఉలకలేదు. మేస్త్రీ మూత తీసి చూశాడు. పచ్చగా కళకళలాడుతోంది.

"లోపల గూడా దేవుడు ఉంటాడు గదన్నా," అన్నాడు ఓబులేసు.

మేస్త్రీ కిరోసిన్ గుడ్డతో తుడిచి, గరుకు ఉప్పుకాగితంతో రుద్ది, మమ్మల్నందరినీ పిలిచి నిలబెట్టి ప్రసంగం చేశాడు. "సూడు ఓబులేసూ, నీ పసుపు మీద నాకు కోపం ల్యా. పైన పుయ్యి, పక్కన పుయ్యి, నా మొగానికి పుయ్యి. రాగి రాగిని తాకాల్సిన చోట, ఇనుము ఇనుమును తాకాల్సిన చోట మాత్రం వద్దు. ఆ సందులో దేవుడు గూడా నిలబడగూడదు."

"మా దేవుడా అన్నా, మీ దేవుడా?"

"ఎవురి దేవుడైనా."

"కాంట్రాక్టరు నిలబడొచ్చా మేస్త్రీ?" అన్నాను నేను.

"ఆయప్ప పడతాడా ఆ సందులో?" అన్నాడు. చలమయ్య శరీరం తెలిసిన వాళ్ళం గనుక అందరం చాలాసేపు నవ్వాం. ఓబులేసు ఆ రోజు నుంచి మీట లోపల చెయ్యి పెట్టలేదు. శుక్రవారం శుక్రవారం మూత మీద మాత్రం గోరంత పసుపు, చుక్కంత కుంకుమ పెట్టేవాడు. మేస్త్రీ చూసీ చూడనట్టు పోయేవాడు.

డిసెంబరు వచ్చింది. ఆళ్ళగడ్డలో మేస్త్రీ వాళ్ళ వీధి అంతా క్రిస్మస్‌కు ముందు ఇళ్ళకు సున్నం కొట్టుకుంటుంది. గోడ ఉన్నవాడు గోడకు, లేనివాడు వాకిలి దిమ్మెకు. అంత ముందుగా సెలవు ఇవ్వనన్నాడు చలమయ్య. అప్పుడు మేస్త్రీ కళ్ళు పడవ మీద పడ్డాయి. వంతెన కటకటాలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా ఒకటి షెడ్డులో ఉంది. పని లేని ఆదివారం చర్చి నుంచి వచ్చి, నిక్కరు మార్చుకుని, కుంచె పట్టాడు. గిరకను పూర్తిగా విప్పి పక్కన పెట్టి, అడుగున తుప్పు గీకి, అది కూర్చునే ఇనుప దిమ్మెకు రెండు పూతలు, గిరక కాళ్ళకు రెండు పూతలు, బోల్టులకు ఒక పూత వేసి, ఆరాక బిగించాడు. అంత తీరుబడిగా, అంత ఆనందంగా ఆయన ఏ పనీ చేయగా నేను చూడలేదు. తిట్టలేదు కూడా.

"పడవ ఏమన్నా మీ ఇల్లా మేస్త్రీ, పండక్కి రంగు?" అని అడిగాను.

"ఏడాదిలో ఎక్కువ పొద్దులు యాడ ఉంటానో అదే ఇల్లు. ప్రభువు పుట్టే దినానికి ఇల్లు తుప్పుతో ఉండగూడదు," అన్నాడు.

పండగ అయింది. కొత్త సంవత్సరంలో గిరక నీరసించడం మొదలుపెట్టింది. మొదట కొద్దిగా ఆలోచించి తిరిగేది. తర్వాత లంగరు బురదలోంచి ఊడే క్షణాన ఆగి, మూలిగి, మళ్ళీ తిరిగేది. చివరికి గొలుసు బిగియగానే టక్కుమని ఊరుకునేది. గొలుసు తప్పించి మీట తొక్కితే మాత్రం హుషారుగా తిరిగేది. మా మామ ఒకాయన అచ్చం ఇలాగే. భోజనానికి పిలిస్తే లేస్తాడు, పనికి పిలిస్తే మూలుగుతాడు. ఈ పోలిక చెప్పి రెండు రోజులు నవ్వించాను. మూడో రోజు నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు. ఎందుకంటే గిరక చేయని పని మేం చేస్తున్నాం. గొలుసుకు తాడు కట్టి, పడవ అంచుకు కాళ్ళు తన్నిపెట్టి, వరసగా నిలబడి లాగడం. లంగరు వచ్చాక నాలుగు బారలు జరగడం, మళ్ళీ దించడం, మళ్ళీ లాగడం. అరచేతుల్లో తోలు లేచింది. సామాన్ల గుమాస్తా అన్న గౌరవం మొదటి పూటే పోయి నేనూ తాడు పట్టాను. సాయంత్రం అన్నం కలపడానికి వేళ్ళు ముడుచుకునేవి కావు. ఇంటికి పోయి గోడకు ఆనుకుని కూర్చుంటే, లేవడానికి కారణం ఏదీ కనపడేది కాదు. పని సగానికి సగం పడిపోయింది. దిగువ ఊళ్ళ రైతులు నీళ్ళు రావడం లేదని చలమయ్య ఇంటికి పోయి అడిగారు.

మేస్త్రీ అన్నిటికంటే ముందు ఓబులేసు మీదే పడ్డాడు. "మల్లా పసుపు పెట్టినావు గదరా!" అంటూ మీట మూత లాగాడు. లోపల రాగి బిళ్ళలు అద్దంలా ఉన్నాయి. మేస్త్రీ కాసేపు వాటినే చూసి, మూత పెట్టి, "ఓబులేసూ, నేను అనుకుంటి. సూసింది ల్యా," అన్నాడు. క్షమాపణ అంటే ఆయన భాషలో అదే. తర్వాత గిరకకు కరెంటు ఇచ్చే బ్యాటరీల మీద అనుమానం వచ్చి వాటిని బండి మీద లారీ షెడ్డుకు పంపి చార్జి పెట్టించాడు. తిరిగి వచ్చాయి. గిరక మూలిగింది. మేం లాగాం.

అప్పుడు చలమయ్య జట్కాలో వచ్చాడు. గట్టు దిగలేదు. దిగితే ఎక్కడం కష్టం. పైనుంచే పడవను చూశాడు. అంత దూరం నుంచి ఆయనకు కనిపించింది ఒకటే, మీట మూత మీద శుక్రవారపు పసుపు.

"పూజలు చేసేటోన్ని గుళ్ళో పెట్టుకుంటారు, పడవ మీద గాదు! మిషను లోపల పసుపు పోసినాడంట గదా దసరాకు? జీతాల దినం నుంచి వీడు వద్దు. కాలువ ఇంజినీరు సారుకు గూడా చెప్పేసినా, తప్పు చేసినోన్ని ఎల్లగొడతాండా అని."

"సామీ, ఇంకా సూడలేదు. యాడ తప్పు ఉందో..." అని మేస్త్రీ మొదలుపెట్టేలోపు జట్కా కదిలిపోయింది. ఓబులేసు పంచె చెంగుతో మూత మీది పసుపు తుడిచి, ఆ చెంగును చూసుకుంటూ నిలబడ్డాడు. నేను ఏదో ఒక హాస్యం ఆడదామని నోరు తెరిచాను. ఏదీ తట్టలేదు. నాకు అలా జరగడం అదే మొదటిసారి.

మర్నాడు మేస్త్రీ జేబులోని లారీ బల్బుకు రెండు తీగలు కట్టాడు. "ఇంగ అనుకునేది ల్యా. సూసేదే," అన్నాడు. ఆయన పద్ధతి ఇది: లంగరు బురదలో పాతుకుని ఉండాలి, ఓబులేసు మీట నొక్కి పట్టాలి, గిరక మూలుగుతూ ఉన్నప్పుడు ఆయన ఒక్కొక్క చోట రెండు తీగలు ఆనిస్తాడు, బల్బు వెలిగిందో లేదో నేను చెప్పాలి. నేను వేరే ఏమీ చెప్పకూడదు. చిక్కంతా ఎండతో వచ్చింది. ఆ వెలుతురులో బల్బు వెలిగినా, ఆరినా ఒకేలా ఉంది. అందుకని ఓబులేసు కంబళి తెచ్చి ముగ్గురం దాని కిందికి దూరాం. గొర్రెల వాసన, నూనె వాసన, మూడు చెమటల వాసన. హోటల్లో ఎప్పుడూ ఒకే బెంచీ మీద కూర్చోలేని మేం ముగ్గురం ఒక కంబళి కింద తలకు తల తగిలించుకుని ఒక బల్బును చూస్తున్నాం. గట్టు మీద పోయేవాళ్ళు ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.

"బ్యాటరీ మీద పెట్టినా. చెప్పు."

"వెలిగింది మేస్త్రీ. బాగా."

"గిరక మూలుగుతాన్నా గూడా తగ్గలేదా?"

"తగ్గలేదు."

"అయితే బ్యాటరీ మంచిదే. ఇప్పుడు మీటకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. మీట నిజంగా దారి ఇస్తాంటే కరెంటు ఆ దారినే పోతాది, బల్బులోకి రాదు, ఈడ వెలగగూడదు. చెప్పు."

"వెలగలేదు."

"మల్లా సూడు."

"వెలగలేదు మేస్త్రీ. చీకటి."

మేస్త్రీ ఒక పెద్ద ఊపిరి వదిలాడు. "ఓబులేసూ, నీ మీట మంచిది. నువ్వు తప్పించుకుంటివి పో."

ఇక మిగిలింది తిరుగు దారి. బ్యాటరీ నుంచి మోటారుకు లావు తీగ ఒకటి వెళుతుంది. తిరిగి రావడానికి తీగ లేదు. గిరక కాళ్ళ నుంచి కింది దిమ్మెలోకి, దిమ్మె నుంచి పడవ ఇనుములోకి, ఇనుము నుంచి బ్యాటరీకి, ఇలా కరెంటు ఇల్లు చేరాలి. మేస్త్రీ చాకు తీసి గిరక కాలి మీద కొంచెం గీకి ఒక తీగ ఆనించాడు. పడవ ఇనుము మీద గీకి రెండోది ఆనించాడు. "ఇనుము ఇనుమును తాకుతాంటే ఇదీ వెలగగూడదు. నొక్కు ఓబులేసూ."

బల్బు వెలిగింది.

"చెప్పవేంది?"

"వెలిగింది."

"ఎంత?"

"మీ మొగం కనపడేంత."

నిజంగానే ఆయన ముఖం కనపడింది. ఆయన బల్బును చూడటం లేదు. చాకు గీకిన చోట ఉంగరంలా చుట్టుకుని లేచిన ఆకుపచ్చ రంగు పొరను చూస్తున్నాడు. రెండు పూతలు. కాలికి రెండు, దిమ్మెకు రెండు, బోల్టుకు ఒకటి. ఉత్తి తిరుగుడుకు కావలసిన కాస్త కరెంటు బోల్టు మరల సందుల్లోంచి ఎలాగో దూరి వచ్చేది. బరువు పడగానే దారి చాలేది కాదు.

"ఏందన్నా? ఏమైంది? నా పసుపేనా?" అన్నాడు ఓబులేసు, మీట వదలకుండా.

"నీ పసుపు కాదురా," అన్నాడు మేస్త్రీ. "నా పండగ."

కంబళి తీసేశాం. ఎండ కళ్ళలో పొడిచింది.  అందరికంటే ముందు నాకే తెలివి వచ్చింది. "గీకేద్దాం మేస్త్రీ. ఒక పూట పని. కాంట్రాక్టరు వచ్చేతలికి గిరక తిరుగుతాంటాది. యాల పోయింది, యాల వచ్చింది అని ఎవురడుగుతారు?" అన్నాను.

"అడగడు. పసుపు తుడిచినంక తిరిగింది అనుకుంటాడు. వీన్ని పంపేది పంపుతాడు." మేస్త్రీ పానా సంచీలో వేసి మూతి కట్టాడు. "గీకేది ల్యా. ఆయప్ప వచ్చి సూడల్ల. సూపిచ్చినంకనే గీకుతా."

ధర్మం గొప్పదని అందరూ అంటారు. అది చలమయ్య వచ్చేదాకా రోజంతా చేత్తో లంగరు లాగడమని మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. బాగుచేయడం తెలిసిన మిషను పక్కన నిలబడి తాడు లాగాం. మేస్త్రీ అందరికంటే ముందు నిలబడి లాగాడు. బొజ్జ అడ్డం వచ్చినా లాగాడు. ఆ పూట ఆయన ఎవరినీ తిట్టలేదు. దానికే మాకు భయం వేసింది.

జీతాల రోజు చలమయ్య ఈసారి గట్టు దిగి పడవ ఎక్కాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. మేస్త్రీ బల్బు చూపించి, పద్ధతి చెప్పి, కంబళి ఎత్తి పట్టుకుని, "ఒక్క నిమిషం వంగితే సాలు సామీ, మీకే కనపడుతాది," అన్నాడు. చలమయ్య ఆ కంబళిని, దాన్ని పట్టుకున్న చేతులను చూశాడు.

"నేను దూరేది ఏంది నీ కంబళి కిందికి! ఏయ్ గుమాస్తా, నువ్వు సూసినావా? నువ్వు చెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. ఎప్పుడూ నా మాటల కోసం అలా ఎదురు చూసినవాళ్ళు లేరు. ఒక పక్క ఓబులేసు, ఇంకో పక్క మేస్త్రీ. నేను ఏది చెప్పినా ఒకరి అన్నం పోతుంది. నాకు తెలిసిన మాటల విద్యలన్నీ ఆ క్షణాన వరసగా వచ్చి నిలబడ్డాయి. తెలియదనవచ్చు, కంబళి కింద సరిగా కనపడలేదనవచ్చు, ఎండ అనవచ్చు. మేస్త్రీ నా ముఖం చూసి కనుబొమ్మ ఎత్తాడు. గట్టు తెగిందని అరిచిన రోజున చూసిన చూపే. సూసినావా?

"మీట కాడ వెలగలేదు సామీ," అన్నాను. "గిరక కాళ్ళ కాడ వెలిగింది. కాళ్ళ కింద రంగు ఉంది."

"రంగు ఎవురు పూసినారు?"

నా నోరు లేవలేదు. లేవాల్సిన పని కూడా రాలేదు.

"పూసింది నేనే సామీ," అన్నాడు మేస్త్రీ. "క్రిస్మస్ పండక్కి. అడుగున పూయగూడదని తెలుసు. ఆ దినం తట్టలేదు. వీనికీ దీనికీ సంబంధం ల్యా."

చలమయ్య నుదురు తుడుచుకున్నాడు. కోపం కంటే విసుగు ఎక్కువగా కనపడింది. "నువ్వు చెప్పేది నిజమే గావచ్చు. ఇంజినీరు సారుకు నేను మాట ఇచ్చేసినా, తప్పు చేసినోడు పడవ మీద ఉండడని. ఒకడు పోవల్ల."

"పోతా సామీ. గిరక బిగించి పోతా."

ఆ మధ్యాహ్నం మేస్త్రీ గిరక విప్పి, కాళ్ళ అడుగున, దిమ్మె మీద ఇనుము తెల్లగా మెరిసేదాకా రంగు గీకాడు. బోల్టుల మరలు కిరోసిన్‌తో కడిగాడు. బిగించి, "తొక్కు," అన్నాడు ఓబులేసుతో. గిరక మూలగలేదు, ఆలోచించలేదు. గొలుసు బిగిసింది, బురద వదిలింది, లంగరు నీళ్ళు కార్చుకుంటూ పైకి వచ్చింది. కథల్లో అయితే ఇక్కడ కాంట్రాక్టరు కళ్ళు చెమర్చాలి, మేస్త్రీ భుజం మీద చెయ్యి వేయాలి. చలమయ్య జేబు గడియారం చూసుకుని, జట్కావాడిని కేకేశాడు.

మేస్త్రీ రేకు పెట్టెను బస్టాండుకు ఓబులేసు మోశాడు. దారిలో ఇద్దరూ పోట్లాడుకున్నారు. "నిన్ను ఎవురు చెప్పమన్నారన్నా? నేను పోయింటే యాడన్నా కూలి చేసుకుంటాంటి. ఇప్పుడు నీ అన్నం నేను తింటాన్నట్టు ఉంది," అని ఓబులేసు. "నీ అన్నం నువ్వు తింటాండావు. నోరు మూసుకొని తిను," అని మేస్త్రీ. ఆళ్ళగడ్డకు పోయేది బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు, దాని కుంపటి ఇంకా రాజేస్తున్నారు. కాఫీ తాగుదామని హోటలుకు పోయాం. మేస్త్రీ చూరు నుంచి గ్లాసు దించుకున్నాడు. ఓబులేసు లోపలికి పోయి తన గ్లాసు తీసుకుని బయటికి వచ్చి ఆయన పక్కన నిలబడి తాగాడు. నేనూ వచ్చాను. దీన్ని గొప్ప సంఘటన అనుకోవద్దు, లోపల బెంచీలు నిండిపోయి ఉన్నాయి. కానీ అంతకు ముందు బెంచీలు నిండిన రోజుల్లో మేం లోపలే గోడకు ఆనుకుని తాగేవాళ్ళమన్నది కూడా నేను చూసిందే, కాబట్టి చెబుతున్నాను.

ఇదంతా చదివి ఆయన పోయాడనుకునేరు. ఇలాంటివి సాధారణంగా పోయినవాళ్ళ గురించే రాస్తారు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు. ఆళ్ళగడ్డలో పిండి మరలు, ఆయిలింజన్లు బాగుచేస్తూ, ఊరందరినీ తిడుతూ బతుకుతున్నాడు. పోయిన డిసెంబరులో పని మీద ఆ ఊరు వెళ్ళి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వీధంతా సున్నం వాసన. మేస్త్రీ నిచ్చెన మీద ఉన్నాడు. చిక్కాడు. బొజ్జ పోయింది. ఆయన లేకుండా బొజ్జ ఒక్కటే ఎక్కడికి పోయిందని అడిగితే, "పిండి మర కాడ దుడ్లు ల్యాక అదీ ఇడిసి పాయ," అన్నాడు. దిగివచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. ఓబులేసు సంగతి అడిగాడు. వాడిప్పుడు కాలువ షట్టర్ల దగ్గర కాపలా పనిలో ఉన్నాడని, రెండో పిల్ల పుట్టిందని చెప్పాను. తర్వాత గిరక సంగతి అడిగాడు.

"అమ్మేసినారు మేస్త్రీ. పడవ పాత ఇనుముకు పోయింది. గిరకను మాత్రం ఉయ్యాలవాడ దిక్కు బావి తవ్వేటోల్లు కొనుక్కపోయినారు. మట్టి తట్టలు ఎత్తనీకి."

నేను అనుకున్నాను, బాధపడతాడని. ఆ పడవ కోసం పోయిన ఉద్యోగం, ఆ కంబళి, ఆ మాట, అన్నీ పాత ఇనుము లెక్కకు పోయాయి కదా అని. ఆయన సున్నం చేతులు నిక్కరుకు తుడుచుకున్నాడు.

"వాల్లకు చెప్పినారా?" అన్నాడు.

"ఏం చెప్పల్ల?"

"బిగించేటప్పుడు అడుగున రంగు పూయగూడదని. బావిలో మనుసులు ఉంటారు కదప్పా."

చెప్పలేదని చెప్పాను. ఆయన నన్ను తిట్టాడు. చాలాసేపు, ఓపికగా, పాత పద్ధతిలో తిట్టాడు. ఆ తిట్లు తింటూ నాకెందుకో ప్రాణం కుదుటపడింది. మర్నాడు నంద్యాలకు రావలసినవాణ్ణి ఉయ్యాలవాడ మీదుగా వచ్చాను. బావి తవ్వేవాళ్ళు నన్ను వింతగా చూశారు. గిరకను కట్టె దుంగలకు బిగించారు, తిరుగు దారికి వేరే తీగ వేసుకున్నారు, రంగుతో వాళ్ళకు పనే లేదు. అంత దూరం ఎండలో పోయి చూసింది అది. ఆ సంగతి మేస్త్రీకి ఒక కార్డు ముక్క రాసి పడేశాను. జవాబు రాలేదు. మంచి మాటకు జవాబు రాయడం ఆయనకు అలవాటు లేదు.

నిన్న మిల్లులో కొత్త మోటారు దిమ్మె దగ్గర పెయింటరు కుంచె ముంచుతుండగా వెళ్ళి, మోటారు కాళ్ళు కూర్చునే చోట సుద్దతో గీత గీసి, ఇక్కడ వేయవద్దన్నాను. "పని సగంలో ఇడిసిపెట్టినట్టు ఉంటాది సామీ, సూసేటోల్లు నన్నంటారు," అని వాడు గొణిగాడు. వాడు అన్నట్టే సాయంత్రం యజమాని వచ్చి అక్కడే ఆగాడు. "ఈడ యాల మర్చిపోయినారు? ఎవురు చెప్పినారు ఇట్ల?" అన్నాడు. పెయింటరు నా వైపు చూశాడు. మామూలుగా ఇలాంటి చోట నేను గోడను, వాతావరణాన్ని, తెల్లదొరలను ముందుకు తోసి మాట మార్చగలను.

"నేనే," అన్నాను.

చిన్న మాటే. అయినా నోట్లోంచి రావడానికి లంగరంత బరువు ఉంటుంది, అరచేతులు నొప్పి పెడతాయి. అందుకని ఈ మధ్య చిన్న చిన్న వాటికి వాడుతూ అలవాటు చేసుకుంటున్నాను. ఏదో ఒక రోజు జ్ఞానరత్నం మేస్త్రీకి వచ్చినంత పెద్దది వస్తే నోరు లేవాలి కదా. ఇప్పటికి, సుద్ద గీసిన జానెడు ఇనుము దాకా వచ్చాను.